ఇంజన్ జిడ్డుకి నాలుగొందల స్ప్రేనా, లూజు డీగ్రీజరా? రెండూ వాడి రాస్తున్నా

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ల కోసం మార్కులు ముందే వేసేస్తా. లూజు డీగ్రీజర్, అంటే వాటర్ సర్వీసు షాపులవాళ్లు ఐదు లీటర్ల క్యాన్లలో కొనుక్కుని నీళ్లు కలిపి వాడుకునే సరుకు, ఇంజన్ మీద జిడ్డుకి బాగా పనిచేస్తుంది, ఐదుకి నాలుగు ఇస్తా. నాలుగొందలు పోసి కొనే ఫోమ్ స్ప్రే కూడా పనిచేస్తుంది గానీ పెట్టిన డబ్బుకి తగ్గట్టు కాదు, దానికి రెండున్నర. కిరోసిన్‌కి సున్నా, ఎందుకో కింద రాస్తా. ఏ కంపెనీది అని మాత్రం అడగొద్దు. లూజు సరుకు క్యాన్ మీద పేరే సరిగా ఉండదు, షాపు మారితే పేరు మారిపోతుంది. స్ప్రేలు కూడా ఒకటి రెండు కంపెనీలవి తిప్పి వెనక రాసింది చదివితే లోపల ఉన్నది దాదాపు ఒకటే, మూత రంగే తేడా.

నా కారు పాత డీజిల్ హ్యాచ్‌బ్యాక్. ఇల్లు తిరుపతిలో, పని చిత్తూరులో, కాబట్టి నా బతుకు సగం పూతలపట్టు రోడ్డు మీదే, ఆ రోడ్డు పనులు జరిగినన్నాళ్లు లేచిన దుమ్ములో నా వాటా అంతా బానెట్ కిందే దాచుకున్నట్టుంది. పైన టాపెట్ కవర్, అంటే ఇంజన్ నెత్తి మీద ఉండే మూత, దాని అంచు నుంచి సన్నగా ఆయిల్ చెమర్చడం, దాని మీద ఎర్రదుమ్ము పడటం, ఇంజన్ వేడికి అది కాలి గట్టిపడటం, దాని మీద మళ్లీ ఆయిల్. ఏళ్ల తరబడి ఇదే వరస. బెల్లం వండే పెనం అంచుకి మాడి అతుక్కున్న పాకం చూసినవాళ్లకి ఇది ఎట్లాంటి మడ్డో అర్థమవుతుంది, గోటికి లొంగదు, స్క్రూడ్రైవర్ పెట్టి లేపితే పెళ్లలుగా ఊడుతుంది.

బానెట్ ఎత్తి చూపించుకోవడానికైతే నేను ఈ పని పెట్టుకునేవాణ్ణి కాదు. ఇంజన్ మెరిస్తే మైలేజీ పెరగదు, ఎవరైనా పెరుగుతుందని చెప్తే నమ్మకండి. సంగతేమంటే తిరుమల కొండకి వెళ్లినప్పుడు రెండో ఘాట్ రోడ్డులో బండి రెండో గేరులో మూలుగుతూ ఎక్కే మలుపుల దగ్గర ఏసీలోంచి మాడిన ఆయిల్ వాసన రావడం మొదలైంది. బయటి గాలి లోపలికి తీసుకునే దారి సాధారణంగా ముందు అద్దం అడుగున, బానెట్‌కి సరిగ్గా వెనకే ఉంటుంది, ఇంజన్ మీద ఏది కాలినా ఆ వాసన ముందు మన ముక్కుకే తగులుతుంది. దిగేటప్పుడు, అంటే 1944లో వేసిన మొదటి ఘాట్‌లో, వాసన లేదు, ఎందుకంటే దిగేటప్పుడు ఇంజన్ మీద లోడు ఉండదు, ఎగ్జాస్ట్ అంతగా కాలదు. ఎక్కేటప్పుడు ఆయిల్ చుక్క ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద, అంటే ఇంజన్ పొగ బయటికి పోయే మొదటి గొట్టం మీద, పడితే పొగ, వాసన. మానిఫోల్డ్ వందల డిగ్రీల వేడిలో ఉంటుంది, ఆయిల్ ఎక్కువ కారితే పొగతో ఆగదు, నిప్పు కూడా అంటుకోవచ్చు. ఇంట్లోవాళ్లని ఎక్కించుకుని కొండకి పోయే బండి, అందుకే టెన్షన్.

మెకానిక్ భాయ్ దగ్గరికి తీసుకెళ్తే బానెట్ ఎత్తి, టార్చి వేసి, రెండు నిమిషాలు చూసి మూసేశాడు. "ముందు ఇంజన్ కడిగి తీసుకురా అన్నా. ఈ మడ్డిలో లీకు యాడుందో బ్రహ్మదేవుడికి కూడా తెలీదు" అన్నాడు. నిజమే, ఆయిల్ ఒకచోట కారి, ఫ్యాన్ గాలికి ఇంకోచోటికి పాకి, వేరేచోట చుక్కగా కింద పడుతుంది. కింద చుక్క చూసి ఛాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ప్యాకింగ్ పోయిందని దాన్ని దింపించుకుని డబ్బు వదిలించుకున్నవాళ్లు నాకే తెలుసు.

సరే అని ముందు ఒక వాటర్ సర్వీసుకి ఇచ్చా. పేరు రాయను, అన్నిచోట్లా ఇదే తంతు కాబట్టి ఒక్కరిని అని లాభం లేదు. కుర్రాడు బానెట్ ఎత్తి, ఏమీ మూయకుండా, టైర్లకి కొట్టే ప్రెషర్ గన్నుతోనే ఇంజన్‌ని నిలువునా కొట్టేశాడు. "మెల్లగా కొట్టు తమ్ముడూ" అంటే "ఏం కాదు సార్, రోజూ ఇట్లే కొడతాం" అని. పైన కనిపించే జిడ్డు పోయింది, టాపెట్ కవర్ వెనక మూలలో ఉన్నది ఉన్నట్టే ఉంది. చివర్లో మెరుపు రావాలని స్ప్రే గన్నులో డీజిల్ పోసి ఇంజనంతా కొట్టి ఇచ్చాడు. అది ఉచితమట! జిడ్డు పోగొట్టమని డబ్బులిస్తే కొత్త జిడ్డు పూసి పంపడం ఏం సర్వీసో. మర్నాడు చంద్రగిరి దాటేసరికి డ్యాష్‌బోర్డులో చెక్ ఇంజన్ లైటు వెలిగింది, బండి లాగడం మానేసింది. భాయ్ వైర్లని కలిపే కప్లర్లు ఒక్కొక్కటీ ఊడదీసి చూస్తే ఒకదాంట్లో నీళ్లు. గాలి కొట్టి ఆరబెట్టి పెడితే లైటు పోయింది. నా అదృష్టం, అక్కడితో పోయింది, నీళ్లు ఇంజన్‌ని నడిపే కంప్యూటర్, అదే ఈసీఎంలోకో, బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్ లోపలికో పోయి ఉంటే బిల్లు వేరేగా ఉండేది. వాటర్ సర్వీసులో ఇంజన్ కడిగించడానికి మార్కులు అడిగితే ఒకటి, అదీ బాడీ బాగా కడిగాడని.

అందుకే ఇంటి ముందరే చేద్దామని సరుకు కొనడానికి రేణిగుంట రోడ్డు వైపు స్పేర్ పార్ట్స్ షాపుల్లో తిరిగా. ఒక షాపాయన నిజం చెప్పే మనిషి. ఫోమ్ స్ప్రే చేతిలో పట్టుకుని చూస్తూ, "స్ప్రే కొట్టి నీళ్లు పోస్తే చాలని రాసుంది, చాలునా?" అని అడిగా. "యాడ చాలుతుందన్నా, బ్రష్షు పట్టాల్సిందే. డబ్బా మీద అట్లే రాస్తారు" అన్నాడు. స్ప్రే ఒకటి, లూజు డీగ్రీజర్ ఒక లీటరు నూట యాభైకి, రెండూ తీసుకున్నా. స్ప్రే అర లీటరు, అందులో గ్యాసు పోను మందు ఎంతో ఊహించుకోండి. లూజుది లీటరుకి ఐదు లీటర్ల నీళ్లు కలుపుకోమన్నాడు, మొండి జిడ్డుకైతే సగం సగం. లెక్క మీరే వేసుకోండి.

ఇప్పుడు పని ఎట్లా చేసిందో. రెండూ ఒకే ఇంజన్ మీద, ఎడమ సగం స్ప్రే, కుడి సగం లూజుది వాడా, పోలిక తెలియాలని. స్ప్రేలో ఒక మంచి గుణం ఉంది, నురగ నిలువు గోడ మీద కూడా జారకుండా పట్టుకుని ఉంటుంది, చెయ్యి దూరని సందుల్లోకి ట్యూబు పెట్టి కొట్టొచ్చు. కొత్తగా పట్టిన పల్చటి జిడ్డు, ఫ్యాన్ పక్కన దుమ్ము అంటిన చోట్లు, ఇవి నురగతోనే కిందికి వచ్చేశాయి. కానీ కాలి గట్టిపడిన మడ్డి మీద కొడితే పైపొర మెత్తబడి ఆగిపోయింది, రెండోసారి కొట్టేసరికి డబ్బా ఖాళీ. లూజుది కూడా మొదటిసారికి కరిగించలేదు, అబద్ధం ఎందుకు. కానీ చవక కాబట్టి చేతులాడించి పోయొచ్చు. పెయింట్ బ్రష్షుతో పూసి, ఐదు నిమిషాలు ఆగి, రుద్ది, మళ్లీ పూసి, మళ్లీ రుద్దితే వచ్చింది. టాపెట్ కవర్ బోల్టుల చుట్టూ గుంటల్లో బ్రష్షు తిప్పుతుంటే తెల్ల నురగ మొదట గోధుమరంగులోకి, తర్వాత నల్లగా మారి, దాని వెంట ఇసుక రేణువులు కనిపిస్తాయి, అదీ మడ్డి విడిపోతున్న గుర్తు. నురగ నల్లబడటం ఆగిందంటే అక్కడ లోహం బయటపడ్డట్టే. హెడ్, అంటే ఇంజన్ పై దిమ్మె, దాని పక్కన పోతలో వచ్చిన అంకెలు, ఇన్నేళ్లలో నేనెప్పుడూ చూడనివి, శుభ్రంగా చదవడానికి వచ్చాయి. స్ప్రే వైపు అంకెలు లేవో, ఉన్నా మడ్డి కిందే ఉన్నాయో తెలియాలంటే అటు కూడా లూజుదే వాడాల్సి వచ్చింది.

ఈ నీళ్లలో కలిసే డీగ్రీజర్లు చేసే పని సబ్బు చేసేదే, నూనెని చిన్న చిన్న బిందువులుగా విడగొట్టి నీళ్లలో తేలేట్టు చేస్తాయి, అందుకే బ్రష్షు లేకుండా పని జరగదు. మందు మెత్తబరుస్తుంది, ఊడగొట్టేది బ్రష్షే. అంగుళం పెయింట్ బ్రష్షు, పాత టూత్ బ్రష్షు, సీసాలు కడిగే పొడుగు బ్రష్షు, ఈ మూడూ ఉంటే చాలు. పెయింట్ బ్రష్షు పిడి దగ్గర ఉండే రేకుకి టేపు చుట్టండి, బ్యాటరీ దగ్గర తగిలి నిప్పురవ్వ రాకుండా.

బ్యాటరీ నెగటివ్ వైరు ముందే తీసేయండి, అది వేరే మాట. పది నంబరు స్పానర్ చాలు చాలా బండ్లకి. కొన్ని బండ్లలో గడియారం, పాటల సిస్టమ్ సెట్టింగులు పోతాయి, మళ్లీ పెట్టుకోవాలి. కరకంబాడిలో అమరరాజా బ్యాటరీలు తయారయ్యే ఊళ్లో ఉంటూ బ్యాటరీ టెర్మినల్ మీద బూజులాంటి పొడి పట్టించుకోని బండ్లు ఎన్నో! అది కూడా ఇదే పనిలో తీసేయొచ్చు. వైర్లు రెండూ ఊడదీశాక వంటసోడా నీళ్లలో కలిపి టూత్ బ్రష్షుతో రుద్ది, తుడిచి ఆరబెట్టడమే, ఆ నీళ్లు బ్యాటరీ లోపలికి మాత్రం పోకూడదు.

మూయాల్సినవి మూయండి. ఆల్టర్నేటర్‌కి చుట్టూ గాలి కోసం కంతలుంటాయి, నీళ్లు నేరుగా లోపలికే పోతాయి, దానికి పాలిథిన్ కవరు చుట్టి రబ్బరు బ్యాండ్ వేయాలి. ఫ్యూజ్ బాక్స్, ఈసీఎం, ఎయిర్ ఫిల్టర్ డబ్బా గాలి పీల్చే మూతి, కప్లర్లు బయటికి కనిపించే చోట్లు, వీటికీ అంతే. ఆయిల్ పోసే మూత, డిప్ స్టిక్ సరిగా బిగించి ఉన్నాయో లేదో చూసుకోవాలి. పాత పెట్రోల్ బండ్లు, ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ ఉన్నవి అయితే దానికి రెండు కవర్లు, ఎందుకంటే అందులో తడి చేరితే బండి స్టార్టే కాదు. అట్లా తడిసిందనుకోండి, డబ్ల్యూడీ-40 కొడితే నీళ్లు తొలగిపోతాయి, 1953లో అది తయారైందే అందుకు. చాలామంది దాన్నే డీగ్రీజర్‌గా వాడుతుంటారు, చిన్న మచ్చకి పర్వాలేదు, ఇంజనంతటికీ అంటే జేబుకి చిల్లు, పైగా తర్వాత తుడవకపోతే దాని నూనె పొర మిగిలిపోతుంది.

వేడి సంగతి చాలా ముఖ్యం, డబ్బాల మీద చిన్న అక్షరాల్లో రాస్తారు, ఎవరూ చదవరు. ఆఫీసు నుంచి వచ్చి వెంటనే బానెట్ ఎత్తి చల్లనీళ్లు పోశారనుకోండి, కాలుతున్న మానిఫోల్డ్ పగలొచ్చు. స్ప్రే డబ్బా అయితే ఇంకా ప్రమాదం, చాలావాటిలో నురగని తోసే గ్యాసు ఎల్‌పీజీ రకమే, మండేది. అట్లాగని పూర్తిగా చల్లారిన ఇంజన్ మీద కూడా జిడ్డు కదలదు. కాసేపు స్టార్ట్ చేసి ఆపి, చెయ్యి ఆనిస్తే ఓర్చుకునేంత వెచ్చగా ఉన్నప్పుడు మొదలుపెట్టడం సరైన పద్ధతి. మన ఊళ్లో మే నెలలో అయితే పొద్దున్నే, ఎండ రాకముందే అయిపోవాలి. లేకపోతే మందు ఇంజన్ మీదే ఎండిపోయి తెల్లటి చారలు పడతాయి, అవి తీయడం ఇంకో పని.

కడగడానికి పైపు చాలు, మూతి వేలితో నొక్కి జెట్టులా కొట్టొద్దు, పైనుంచి మెల్లగా జారనివ్వండి. నేనైతే సగం మగ్గుతోనే కానిచ్చా. చివరిసారికి బోరు నీళ్లు వద్దు, మా వీధిలో బోరు నీళ్లు ఉప్పుగా ఉంటాయి, ఆరాక ఇంజన్ నిండా తెల్ల మచ్చలు. మున్సిపాలిటీ కుళాయి నీళ్లు వచ్చే రోజు చూసుకుని చేస్తే ఆ బాధ లేదు. తర్వాత బనియన్ వేస్ట్‌తో, అంటే పాత గుడ్డ ముక్కలతో, తుడిచి, కవర్లన్నీ విప్పి, బానెట్ ఎత్తే ఉంచి ఎండలో వదిలేయడమే. మన ఎండకి ఇంకే డ్రయ్యరూ అక్కర్లేదు. బాగా ఆరాక బ్యాటరీ వైరు పెట్టి, బానెట్ తెరిచే ఉంచి స్టార్ట్ చేయండి. కాసేపు ఆవిరి వస్తుంది, చూసి కంగారు పడొద్దు. బెల్టు కీచుమంటే తడి ఉన్నట్టు, ఆరితే పోతుంది. ఆరినా పోకపోతే బెల్టు మీద డీగ్రీజరో ఆయిలో మిగిలిందని అర్థం.

లూజు డీగ్రీజర్‌కి ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, అందులో ఏముందో రాయరు. కొన్నింట్లో కాస్టిక్ సోడా ఎక్కువగా ఉంటుంది. ఇనుముకి ఫర్వాలేదు గానీ ఇప్పటి ఇంజన్లలో హెడ్, గేర్‌బాక్స్ కేసింగ్ చాలావరకు అల్యూమినియం. కాస్టిక్ తగిలితే అల్యూమినియం కరుగుతుంది, బుడగలుగా హైడ్రోజన్ వస్తుంది, లోహం నల్లగానో బూడిదరంగుగానో మారిపోతుంది, ఆ మెరుపు మళ్లీ రాదు. అందుకే కొన్నది ఏదైనా ముందు కింద కనిపించని మూలలో ఒక చుక్క పూసి చూడండి. రంగు మారినా, బుసబుసమని పొంగినా షాపాయనకే తిరిగి ఇచ్చేయండి. నేను తెచ్చింది ఏమీ చేయలేదు. చేతులకి గ్లౌజులు తప్పనిసరి, క్షారం చర్మంలో నూనెంతా లాగేస్తుంది. కింద దూరి రుద్దేటప్పుడు కళ్లద్దాలు కూడా.

ఇక కిరోసిన్. మా నాన్నల కాలంలో ప్రతి షెడ్డులో నీలం రంగు రేషన్ కిరోసిన్, ఒక బ్రష్షు, అంతే డీగ్రీజర్. జిడ్డు తీయడంలో దానికి వంక పెట్టలేం, నిజానికి కాలిన మడ్డిని కూడా తొందరగానే మెత్తబరుస్తుంది. మరి సున్నా ఎందుకంటే, ఒకటి, రేషన్‌లో కిరోసిన్ ఆగిపోయి ఏళ్లవుతోంది, అప్పట్లా తేలిగ్గా దొరకదు. రెండు, కిరోసిన్ ఆవిరి అంటుకోవడానికి దాదాపు 38 డిగ్రీలు చాలు, మన వేసవిలో నీడలోనే నలభై దాటుతుంది, అందులో వెచ్చటి ఇంజన్, పక్కన బ్యాటరీ. మూడు, కూలెంట్ పైపులకి వాడే రబ్బరు పెట్రోలియం నూనెలకి ఉబ్బి మెత్తబడుతుంది. నాలుగు, ఎంత తుడిచినా పల్చటి నూనె పొర మిగిలి పూతలపట్టు రోడ్డు దుమ్మునంతా రమ్మని పిలుస్తుంది. విప్పిన పార్టుల్ని ట్రేలో వేసి కడగడానికి భాయ్ ఇప్పటికీ డీజిల్ వాడతాడు, అది వేరు, అవి బండి మీద లేవు కదా. పెట్రోల్‌తో కడిగేవాళ్లని కూడా చూశా. పెట్రోల్ ఆవిరి సున్నాకి నలభై డిగ్రీల కిందే అంటుకుంటుంది సామీ, ఆ పని మాత్రం వద్దు.

కొత్త బండి, లీకులేమీ లేవు, దుమ్ము మాత్రమే పట్టింది అంటే ఇవేవీ అక్కర్లేదు. విమ్ లిక్విడో ప్రిల్లో గోరువెచ్చని నీళ్లలో కలిపి బ్రష్షుతో రుద్దితే చాలు, దాని పని కూడా జిడ్డు తీయడమే కదా. బట్టల పౌడర్ వాడొద్దు, సందుల్లో మిగిలిపోయి గట్టిపడుతుంది.

అసలు ఫలితం చెప్పలేదు కదా. ఇంజన్ ఆరాక, భాయ్ చెప్పినట్టు అనుమానం ఉన్న చోట్లన్నీ ముఖానికి రాసుకునే టాల్కమ్ పౌడర్ పల్చగా చల్లి, కొండకి ఒకసారి వెళ్లొచ్చా. వచ్చి బానెట్ ఎత్తితే తెల్ల పౌడర్ మీద రెండు చోట్ల తడి గీత, పెన్సిల్‌తో గీసినంత స్పష్టంగా. ఒకటి టాపెట్ కవర్ వెనక మూల, నేను అనుకున్నదే. రెండోది ఆయిల్ పోసే మూత కింద నుంచి! మూత లోపలి రబ్బరు రింగు ప్లాస్టిక్ ముక్కలా గట్టిపడి ఉంది. రింగు ధర ఒక టీ, రెండు బజ్జీల డబ్బు. టాపెట్ కవర్ ప్యాకింగ్ కూడా భాయే మార్చాడు, లీకు ఎక్కడో కళ్ల ముందు కనిపిస్తోంది కాబట్టి వెతుకులాట లేదు, కూలీ కూడా తక్కువే తీసుకున్నాడు. ఇప్పుడు ఘాట్ ఎక్కేటప్పుడు ఏసీలోంచి ఏసీ గాలే వస్తోంది.

మీరు కూడా ఇట్లా వెతికేటప్పుడు తడి రంగు చూడండి. నల్లగానో గోధుమగానో ఉంటే ఇంజన్ ఆయిల్, ఎర్రగా ఉంటే చాలావరకు పవర్ స్టీరింగ్ ఆయిల్, పచ్చగానో గులాబీ రంగులోనో ఉండి తియ్యటి వాసన వస్తే కూలెంట్. బ్రేక్ ఆయిల్ అని అనుమానం వస్తే మాత్రం బండి కదిలించకుండా మెకానిక్‌నే ఇంటికి పిలవండి.

ఒకటి రాయకుండా వదిలేస్తే బాగుండదు, కిందికి వచ్చే నీళ్లు. నల్లగా, జిడ్డుగా, మందు కలిసి, గేటు ముందు నుంచి కాలవలోకి పోతాయి. మన కాలవలు చివరికి చేరేది ఏ చెరువుకో స్వర్ణముఖికో. దీనికి నాకు దొరికిన ఉపాయం ఫ్లెక్సీ. మన వీధుల్లో పుట్టినరోజు ఫ్లెక్సీలకి కరువా? వేడుక అయిపోయాక ఒకటి అడిగి తెచ్చుకుని, నాయకుడి మొహం కిందికి ఉండేట్టు బండి కింద పరిచి, నాలుగు అంచులూ ఇటుకల మీద ఎత్తి, మధ్యలో సామిల్లు నుంచి తెచ్చిన రంపపు పొట్టు పోశా. పొట్టు మడ్డినంతా పీల్చుకుంది. అది సంచిలో వేసి భాయ్‌కి ఇస్తే మడ్డి ఆయిల్ డ్రమ్ము ఎత్తుకెళ్లేవాళ్లతో పంపిస్తానన్నాడు. వాడేసిన ఆయిల్ 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికే వస్తుంది, కాలవలో పోయడం తప్పే, చెప్పేవాడు లేడు గానీ. గీరితే ఊడే పెళ్లల్ని తడపకముందే పొడిగా ఊడదీసి కాగితంలో చుట్టేస్తే సగం మురికి నీళ్లలో కలవకుండానే పోతుంది, మందు కూడా తక్కువ పడుతుంది.

కడిగాక మెరుపు కోసం డ్యాష్‌బోర్డు పాలిష్ కొట్టేవాళ్లున్నారు. ప్లాస్టిక్ కవర్ల మీద గుడ్డతో తుడిచినట్టు రాస్తే సరే, స్ప్రేగా కొడితే బెల్టు మీద పడి జారుతుంది, నేను రాయలేదు.

కొనేవాళ్లకి ఒక చివరి మాట, షాపులో "డీగ్రీజర్ ఇవ్వండి" అని ఊరుకోకండి, "కారు ఇంజన్‌కి, అల్యూమినియం మీద పడేది" అని చెప్పి అడగండి. మన వైపు లారీలు ఎక్కువ, లారీ ఛాసిస్ కడగడానికి వాడే ఘాటు సరుకు కూడా అవే క్యాన్లలో, అదే అరలో, అదే ధరకి ఉంటుంది, చూడటానికి తేడా ఏమీ తెలియదు.